కాశీలో గది తీసుకునే ముందు మెట్లు లెక్కపెట్టుకోండి

కాశీ వెళ్ళొచ్చిన వాళ్ళని అందరూ ముందుగా అడిగేది "దర్శనం బాగా జరిగిందా?" అని. నేనైతే "ఎక్కడ దిగారు?" అని అడుగుతాను. విశ్వనాథుడి దర్శనం ఒక గంట అటూ ఇటూగా ఎవరికైనా అవుతుంది. రాత్రి తల వాల్చిన చోటు కుదరకపోతే మాత్రం మిగతా ఊరంతా మోకాళ్ళ నొప్పిగానే గుర్తుండిపోతుంది. ఈ సంగతి నాకు మొదటి రోజే తెలిసొచ్చింది, ఒక లాడ్జి మూడో అంతస్తు మలుపులో అమ్మ పక్కన మెట్టు మీద కూలబడ్డప్పుడు.

వెళ్ళింది ముగ్గురం. అమ్మకి 74, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పిన్నికి 66, ఇప్పటికీ కదులుతున్న బస్సెక్కే రకం. మూడోదాన్ని నేను. నాన్న పోయి ఏడాదిన్నర. కాశీలో ఆయనకి పిండం పెట్టించాలని అమ్మ కోరిక. కొడుకులు లేరు, నేనొక్కదాన్నే. తొమ్మిది రాత్రులు కాశీలో నిద్ర చెయ్యాలని మన పెద్దలంటారు గానీ నాకు ఆఫీసులో దొరికిన సెలవులో ప్రయాణం పోగా కాశీకి మిగిలింది బుధవారం నుంచి శనివారం దాకా. "మూడు రాత్రులైనా చాలట" అని పిన్ని ఎక్కడో విన్నదట. ఎక్కడ విన్నదో నేను అడగలేదు.

సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఇది కాశీ ఊళ్ళోకి వెళ్ళదు, గంగకి ఇవతలే మొగల్‌సరాయ్‌లో దిగాలి. 2018లో ఆ స్టేషన్‌కి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ అని పేరు మార్చారు. టికెట్ మీద కొత్త పేరే ఉంటుంది, కూలీలు, టాక్సీవాళ్ళు మాత్రం పాత పేరే అంటారు. ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ సగం పగలు ప్రయాణం. అమ్మకి పడుకోవడానికి బెర్తు ఉంటుంది కదా అని వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం పెట్టుకున్నాం. ఎవరైనా సలహా అడిగితే నేనూ ఇదే చెప్తాను. వెళ్ళేటప్పుడు ఓపిక ఉంటుంది, తిరుగు ప్రయాణానికి మిగలదు.

మొగల్‌సరాయ్ నుంచి టాక్సీలో వస్తే ఒక లాభం ఉంది. మాలవ్య బ్రిడ్జి మీంచి వస్తారు. 1887 నాటి వంతెన, పైన రోడ్డు, కింద రైలు. దాని మీద ఎడమ వైపు కూర్చోండి. గంగ నెలవంకలా వంపు తిరిగి, ఒడ్డు పొడుగునా మెట్లు, మెట్ల పైన మేడలు, ఊరంతా ఒక్కసారి కనిపిస్తుంది. పిన్ని పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి కిటికీలోంచి విసిరింది. అది రెయిలింగుకి తగిలి టంగుమని రోడ్డు మీదే పడింది. "పోనీలే, ఆయన తీసుకుంటాడు" అంది, ఎవరో చెప్పకుండా.

ఇక నా తెలివితక్కువ పని. హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో బుక్ చేశాను, దశాశ్వమేధ ఘాట్ దగ్గర లాడ్జి, "గంగా వ్యూ". ఫోటోలో బాల్కనీ, టీ కప్పు, వెనక నది. రోజుకి 3,200. ఆ చుట్టుపక్కల సందుల్లోకి కార్లు రావు. గొదౌలియా కూడలికి ముందే టాక్సీ ఆపేశారు. ఒక కుర్రాడు మా పెట్టెలు తోపుడు బండి మీద పెట్టుకుని ముందు నడిచాడు. వెనక మేము, మా వెనక ఒక ఆవు, దాని వెనక హారన్ కొడుతూ మోటార్‌సైకిలు. రెండు చేతులు చాపితే అటు గోడా ఇటు గోడా తగిలే సందులో అమ్మ చెయ్యి పట్టుకుని నడవడమంటే ముందూ వెనకా చూసుకుంటూ ఒక్కో అడుగే వెయ్యడం.

గది నాలుగో అంతస్తులో. లిఫ్ట్ లేదు. పాత కాశీ ఇళ్ళలో మెట్లు నిటారుగా, ఒక్కో మెట్టు అడుగు ఎత్తు. రాత్రి నిద్ర పట్టక దిగి ఎక్కి లెక్కపెట్టాను, 71. అమ్మ మూడో అంతస్తు మలుపులో ఆగిపోయింది. "మీరు పైకి వెళ్ళండి, నేనిక్కడే కూర్చుంటా" అంది మెల్లగా, ఎవరికీ ఇబ్బంది పెట్టకూడదన్నట్టు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇరవై నిమిషాలు కూర్చుని, పిన్ని వెనక నుంచి నడుం పట్టుకుంటే ఎక్కింది. వ్యూ ఉంది, కాదనను. డాబా మీదకెక్కి, నీళ్ళ ట్యాంకు పక్కనుంచి తొంగి చూస్తే రెండు మేడల మధ్య జానెడు గంగ. మేనేజరు మర్యాదస్తుడే, వేణ్ణీళ్ళు బకెట్లతో పైకి పంపించాడు. మిగతా రెండు రోజుల డబ్బులు తిరిగిస్తారా అంటే మాత్రం చేతులు జోడించాడు. తప్పంతా వాళ్ళదే అనను. "లిఫ్ట్ ఉందా, ఎన్నో అంతస్తు, కారు ఎక్కడిదాకా వస్తుంది" అని మూడు ప్రశ్నలు ఫోన్ చేసి అడగాల్సింది. బాల్కనీ ఫోటో చూసి మర్చిపోయాను.

ఆ సాయంత్రం హారతి మైకులో వినడమే గానీ చూడలేదు. పిన్ని ఊరుకోలేదు. తనకి తెలిసినావిడకి, ఆవిడకి తెలిసినావిడకి ఫోన్లు చేసి, రాత్రి తొమ్మిదింటికి పాండే హవేలీ సందుల్లో ఒక తెలుగు సత్రంలో కింది అంతస్తు గది సంపాదించింది. మర్నాడు పొద్దున అక్కడికి మారాం.

తెలుగువాళ్ళ కాశీ అంటే అసలు ఇది. ఊరికి దక్షిణంగా కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్, హరిశ్చంద్ర ఘాట్, వాటి వెనక సందులు. ఆటోవాడికి "ఆంధ్రా ఆశ్రమ్" అంటే చాలు, ఈ పేటకి తెచ్చి దింపుతాడు. సోనార్‌పురా రోడ్డు మీద ఆటో దిగితే మా సత్రానికి రెండు నిమిషాల నడక, సందు కాస్త వెడల్పు, దారి దాదాపు చదును. గోడల మీద తెలుగు బోర్డులు, ఇడ్లీ దోసె హోటళ్ళు, పురోహితుల ఫోన్ నంబర్లు. చీరలమ్మేవాడు మనల్ని చూసి చూడగానే "అమ్మా, రండి, ఒరిజినల్ బెనారస్, చూస్తే డబ్బులు లేదు" అని మొదలుపెడతాడు. అతను పుట్టింది ఇక్కడే, మన వైపు ఎప్పుడూ రాలేదట. వచ్చేపోయే యాత్రికుల దగ్గరే నేర్చుకున్నాడు.

గది గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. రెండు మంచాలు, పల్చటి పరుపులు, కిటికీకి కోతులు రాకుండా ఇనప జాలీ. వేణ్ణీళ్ళు పొద్దున ఏడింటి దాకానే. బాత్రూం గది బయట, వరండా చివర. పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి బాగోదు. నాలుగున్నరకి సుప్రభాతం పెడతారు, మీకు ఇష్టమున్నా లేకున్నా లేస్తారు. రాత్రి తొమ్మిదిన్నరకి గేటు వేసేస్తారు. ముగ్గురికీ కలిపి రోజుకి 700, భోజనానికి మనకి తోచింది ఇవ్వొచ్చు. ఇన్ని లోపాలున్నా అక్కడ మొదటి రాత్రి అమ్మ ఎనిమిది గంటలు కదలకుండా నిద్రపోయింది. గడప దాటితే నేల మీదే ఉన్నాం, మెట్టు లేదు. ఇంతకంటే రివ్యూ ఏం రాయాలి!

సత్రాల గురించి ఒకటి దాచకుండా చెప్పాలి. కొన్ని సత్రాలు కులం చూసే గది ఇస్తాయి. కొన్నిట్లో ఒంటరిగా వచ్చిన మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఇవ్వరు. మమ్మల్ని కూడా ఒకచోట "మగవాళ్ళెవరూ లేరా?" అని అడిగి, లేరంటే ఖాళీల్లేవన్నారు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు, కానీ అక్కడి గుమాస్తాతో వాదించేందుకు ఎనిమిది వందల మైళ్ళు రాలేదు కదా. ముందే ఫోన్ చేసి ఎంతమంది, ఎన్ని రోజులు, ఏ అంతస్తు అన్నది తేల్చుకోండి. అందరి ఆధార్ కార్డులూ జిరాక్సులతో సహా పెట్టుకోండి. కార్తీక మాసంలో, శివరాత్రికి, శ్రావణంలో మాత్రం చాలా ముందుగా చెప్పకపోతే దొరకవు.

పదకొండున్నరకి భోజనం గంట కొట్టారు. విస్తట్లో పప్పు, బీన్స్ కూర, చారు, మజ్జిగ. గొప్ప వంటేమీ కాదు, ఇంటి వంట. రైల్లో రెండు పూటలు తిన్న తర్వాత ఆ చారు అమృతంలా ఉంది. వడ్డించేటప్పుడు పిన్ని వ్యాసుడి కథ ఎత్తుకుంది. కాశీలో ఆయనకి ఎవరూ భిక్ష పెట్టకపోతే కోపమొచ్చి కాశీనే శపించబోయాడు. అమ్మవారు ముత్తయిదువలా వచ్చి శిష్యులతో సహా కడుపునిండా అన్నం పెట్టింది. శివుడు మాత్రం ఊళ్ళోంచి వెళ్ళగొట్టాడు. గంగకి అవతల రామనగర్ వైపు వ్యాసకాశి అని ఇప్పటికీ చూపిస్తారు. "అంతటాయన ఒక్కపూట ఆకలికి తట్టుకోలేకపోయాడు, మనమెంత" అని పిన్ని ఇంకోసారి అన్నం పెట్టించుకుంది.

గురువారం మధ్యాహ్నం విశ్వనాథుడి దగ్గరికి వెళ్ళాం. పిన్ని 1998లో వాళ్ళ అత్తగారితో వచ్చింది. అప్పుడంతా సందులే, ఒక దాంట్లోంచి ఒకటి, తిరిగి తిరిగి చివరికి ఎక్కడో చిన్న ద్వారం. ఇప్పుడు 2021 డిసెంబరు 13న ప్రారంభించిన కారిడార్ వచ్చింది. గుడి నుంచి లలితా ఘాట్ దాకా, గంగ కనిపించేలా విశాలంగా తెరిచేశారు, కాళ్ళ కింద రాతి పలకలు. గేటు దగ్గర వీల్‌చైర్ దొరికింది. అమ్మని కూర్చోబెట్టుకుని అంత దూరం తోసుకెళ్ళగలిగామంటే ఆ కారిడార్ పుణ్యమే. పాత సందుల్లో అయితే తనని బయటే కూర్చోబెట్టి రావాల్సి వచ్చేది. పిన్ని మాత్రం నాలుగు వైపులా తిరిగి చూస్తూనే ఉంది. అత్తగారు తనకి గాజులు కొనిపెట్టిన కొట్టు ఎక్కడుండేదో ఆనవాలు పట్టలేకపోయింది. "బాగుంది, కానీ ఎవరింటికో వచ్చినట్టుంది" అంది.

ఇప్పుడున్న గుడి 1780లో ఇండోర్ రాణి అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. శిఖరానికి బంగారం మహారాజా రంజిత్ సింగ్ ఇచ్చింది. మన ఆలయాల గోపురాలకి అలవాటు పడిన కళ్ళకి గుడి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. లింగం కూడా గర్భగుడి మధ్యలో కాకుండా ఒక మూలకి, వెండి తాపడం చేసిన చదరపు గుంటలో ఉంటుంది. ఆ సంగతి తెలియకపోతే తలెత్తి ఎదురుగా చూస్తూ ముందుకి నెట్టుకుపోతారు, దర్శనం అయిందో లేదో తెలియదు. కిందికి చూడండి. ముందే చెప్పి ఉంచాను కాబట్టి అమ్మ చూడగలిగింది.

ఫోన్, స్మార్ట్ వాచ్, బ్యాగు, ఏవీ లోపలికి రానివ్వరు. బయట కొట్లవాళ్ళు లాకర్ ఉచితం అంటారు, ప్రసాదం బుట్ట కొంటేనే. బుట్ట ధర ముందడగండి, ఆ తర్వాతే ఫోన్ ఇవ్వండి. ఫోన్ లాకర్‌లో పడ్డాక బేరం ఆడే చనువు మనకి ఉండదు. మేం ముందురోజే ఆలయ ట్రస్టు సొంత వెబ్‌సైట్‌లో సుగమ్ దర్శన్ టికెట్లు, అంటే పెద్ద క్యూ లేకుండా వెళ్ళేవి, తీసుకున్నాం, మనిషికి మూడొందల దాకా అయింది. పెద్దవాళ్ళుంటే ఆ డబ్బు పెట్టండి. దారిలో "వీఐపీ దర్శనం, నాతో రండి" అనే ప్రతివాడి వెనకా వెళ్ళకండి. మంగళ హారతి తెల్లవారుజామున మూడింటికి. ఆ టికెట్ దొరికినా అమ్మతో ఆ వేళ వెళ్ళే ఉద్దేశం లేక వదిలేశాం.

పక్కనే అన్నపూర్ణమ్మ. అక్కణ్ణుంచి సందులో నడిస్తే మీర్ ఘాట్ దగ్గర విశాలాక్షి. "వారాణస్యాం విశాలాక్షీ" అని చిన్నప్పట్నుంచీ చదువుకున్న అమ్మవారు. తమిళనాడు నాట్టుకోట్టై చెట్టియార్లు కట్టించిన గుడి కాబట్టి గుమ్మంలోనే మనూరి గుళ్ళా ఉంటుంది. పెద్ద విగ్రహం వెనక ఆది విశాలాక్షి చిన్న విగ్రహం ఉంటుంది. అడిగి చూడండి, చాలామంది ముందున్న అమ్మవారికే దణ్ణం పెట్టి వచ్చేస్తారు.

శుక్రవారం పొద్దున కేదార్ ఘాట్‌లో నాన్న కార్యం. ముందురోజు ఘాట్ మీద ఒకాయన మొత్తం 1,100కి చేయిస్తానన్నాడు. ఆయన దగ్గర మా కళ్ళ ముందే ఒక నెల్లూరు దంపతులు చేయించుకుంటున్నారు. సంకల్పం మొదలయ్యాక గోదానం అంత, సువర్ణదానం ఇంత అని పెరుగుతూ పోతోంది. చేతిలో పిండం పట్టుకుని వద్దనలేక ఆ భర్త తలూపుతున్నాడు. మేం సత్రం వాళ్ళు చెప్పిన తెలుగు పురోహితుడి దగ్గరికి వెళ్ళాం. 2,500, సామాను ఆయనదే, ఆపైన దక్షిణ మన ఇష్టం అని ముందే తేల్చి చెప్పాడు. పిన్ని అడగాల్సిన ప్రశ్న సూటిగా అడిగేసింది. "కూతురు చేయొచ్చాండీ?" ఆయన నన్ను చూసి "తండ్రి కోసం ఇంతదూరం వచ్చింది, చెయ్యకుండా ఎలా పంపిస్తానమ్మా" అన్నాడు. వేరే పురోహితుడైతే కాదనేవాడేమో. మీకు ఇలాంటి పరిస్థితి ఉంటే బయల్దేరే ముందే ఫోన్‌లో మాట్లాడుకోండి, ఘాట్ మీద వాదన పెట్టుకోకండి.

చలి. నీళ్ళల్లో దిగితే మోకాళ్ళు కొయ్యబారిపోయాయి. మూడు మునకలు వేసి, తడి బట్టలు మార్చుకోవడానికి మూడు వైపులా టార్పాలిన్ కట్టిన చోటుకి వెళ్తే నాలుగో వైపు పిన్ని తువ్వాలు పట్టుకుని నిలబడింది. దర్భ ఉంగరం, రాగి చెంబు, ఆకులో నల్ల నువ్వులు. పిండం చేతికి మెత్తగా, ఇంకా వెచ్చగా ఉంది. ఆయన గోత్రం అడిగాడు, చెప్పాను. నాన్న పేరు, తాతయ్య పేరు, ముత్తాత పేరు, అవీ చెప్పాను. "ఇప్పుడు ఆడవాళ్ళ పేర్లమ్మా. మీ నాయనమ్మగారు, ఆవిడ అత్తగారు." నాయనమ్మ పేరు చెప్పాను. ఆవిడ అత్తగారి పేరు? అమ్మ వైపు చూశాను. అమ్మకి తెలియదు. తను కాపురానికి వచ్చేసరికే ఆవిడ లేదు. పిన్ని ఫోన్ అందుకుని మా బాబాయికి కలిపింది. బాబాయి అటు నుంచి తడబడ్డాడు. "అందరం తెనాలి మామ్మ అనేవాళ్ళమే... పేరు... ఉండు, మా అక్కనడుగుతాను." అక్క, అంటే మా పెద్ద మేనత్త, ఫోన్ ఎత్తలేదు. పొద్దున్నే పూజలో ఉంటుంది. పురోహితుడు విసుక్కోలేదు. రోజూ చూసేదే కాబోలు. "పేరు తెలియకపోతే గంగ అని చెప్పండమ్మా" అన్నాడు. గంగ అనే చెప్పాను.

మీరు వెళ్ళేటప్పుడు మూడు తరాల పేర్లు కాగితం మీద రాసుకెళ్ళండి. మగవాళ్ళవి ఎలాగూ తెలుస్తాయి. ఆడవాళ్ళవి అడిగి మరీ రాసుకోండి.

కార్యం అయ్యాక పైన కేదారేశ్వరుడి గుడికి. ఎరుపు తెలుపు చారల గుడి, నది నుంచి నిటారుగా మెట్లు. అమ్మ మాత్రం సందు వైపు ద్వారం నుంచి వచ్చింది, అటు మెట్లు తక్కువ. లింగం రెండు భాగాలుగా, గరుకుగా, కిచిడీ ముద్దలా ఉంటుంది. కథ కూడా కిచిడీదే. నా మటుకు నాకు కాశీలో ప్రశాంతంగా కూర్చోగలిగిన గుడి ఇదొక్కటే. తొయ్యడాల్లేవు, టికెట్ లేదు, ఫోన్ గొడవ లేదు. అమ్మ అక్కడ అరగంట కళ్ళు మూసుకుని కూర్చుంది.

మధ్యాహ్నం అమ్మ పడుకుంటే పిన్నీ నేనూ సారనాథ్ పరిగెత్తాం. పది కిలోమీటర్ల దూరం, ఆటో రానూపోనూ 600. ధమేక స్తూపం చుట్టూ తిరిగాం, బాగుంది. అసలు నేను వెళ్ళింది మన రూపాయి నోటు మీదుండే నాలుగు సింహాల అసలు రాయి చూడ్డానికి. మ్యూజియం గేటుకి తాళం. శుక్రవారం సెలవట. ఆటోవాడికి తెలుసు, నేను అడగలేదు కాబట్టి అతను చెప్పలేదు.

సాయంత్రం పడవ. కేదార్ ఘాట్‌లో మోటారు పడవవాడు మాకొక్కళ్ళకే అయితే 1,500 అన్నాడు, 900కి ఒప్పుకున్నాడు. పదిమందితో కలిసి వెళ్తే మనిషికి రెండొందలు. అమ్మని ఎక్కించడానికి మెట్టుకి ఆనించి పడవ ఆపాడు, ఇద్దరు కుర్రాళ్ళు చెరో రెక్క పట్టుకున్నారు. ముందు హరిశ్చంద్ర ఘాట్ వైపు తిప్పాడు. "అమ్మా, ఇక్కడ ఫోటో వద్దు" అని తెలుగులోనే చెప్పాడు. తర్వాత ఉత్తరానికి. గంగ ఇక్కడ ఉత్తరంగా పారుతుంది, పడవ ప్రవాహంతో పాటు మెల్లగా జారిపోతుంది. నారద ఘాట్ దగ్గర "మొగుడూ పెళ్ళాం ఇక్కడ స్నానం చేస్తే దెబ్బలాట" అన్నాడు నవ్వుతూ. పిన్ని వెంటనే "మాకు ఇంటి పక్కనే గోదావరి ఉండేది, అక్కడ చేసినా అంతే" అంది. మణికర్ణిక దగ్గర ఇంజను ఆపేశాడు. ఎనిమిదో తొమ్మిదో చితులు, కట్టెల గుట్టలు, పొగ. ఎవరూ మాట్లాడలేదు. దాని పక్కనే రత్నేశ్వరుడి గుడి ఒక పక్కకి ఒరిగి నీళ్ళల్లో నిలబడి ఉంది. ఇంకా ముందుకెళ్తే పంచగంగా ఘాట్. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన త్రైలింగ స్వామి మఠం ఆ పైనే. అమ్మకి చూపిస్తే అక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకుంది.

హారతి వేళకి దశాశ్వమేధ ఘాట్ ముందుకి వచ్చి పడవల గుంపులో దూరాడు. నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. దశాశ్వమేధ హారతి కళ్ళకి పండగే, కానీ మైకులు, లైట్లు, ఒకరి భుజం మీంచి ఒకరి ఫోన్లు. నాకది గంగ కోసం కంటే కెమెరా కోసం జరుగుతున్నట్టే అనిపించింది. పిన్నికి మాత్రం ఒళ్ళు గగుర్పొడిచిందట. పెద్దవాళ్ళని మెట్ల మీద జనంలో కూర్చోబెట్టకండి, పడవలోంచే నయం. నాకు నచ్చింది సత్రానికి తిరిగొచ్చేటప్పుడు కేదార్ ఘాట్‌లో చూసిన చిన్న హారతి. కొద్దిమంది జనం, ఒక గంట, ఒక పిల్లాడు శంఖం ఊదలేక మళ్ళీ మళ్ళీ ఊదుతున్నాడు.

వానాకాలంలో వెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి. గంగ పొంగితే ఘాట్లు మునిగిపోతాయి, పడవలు ఆపేస్తారు, ఒక ఘాట్ నుంచి ఇంకోదానికి ఒడ్డు వెంట నడవలేం. చలికాలంలో ఇంకో లాభం కూడా ఉంది, మలయ్యో. పాల నురుగు, కుంకుమపువ్వు, చిన్న మట్టి పాత్రలో. చెంచాతో నోట్లో పెట్టుకుంటే ఏదో తిన్నామన్న గుర్తు తప్ప ఏమీ మిగలదు. పొద్దున్నే అమ్ముతారు, ఎండెక్కితే ఉండదు. కచోరీ, జిలేబీ రుచే గానీ నూనె ఎక్కువ, అమ్మకి పెట్టలేదు. లస్సీ మీద మీగడ బొటనవేలంత మందం. ఠండాయి అడిగితే "సాదా" అని గట్టిగా చెప్పండి, లేకపోతే అందులో మత్తెక్కించే భంగు పడే అవకాశం ఉంది.

శనివారం తెల్లవారుజామున పిన్నీ నేనూ వారాహి అమ్మవారికి వెళ్ళాం. పొద్దున కాసేపే తెరుస్తారు. అమ్మవారు నేలమాళిగలో ఉంటుంది, పైన నేలకున్న రంధ్రాల్లోంచి వంగి చూడాలి, ఒక దాంట్లో ముఖం, ఇంకో దాంట్లో పాదాలు. క్యూలో సగానికి సగం తెలుగువాళ్ళే. తర్వాత అమ్మని తీసుకుని ఆటోలో కాలభైరవుడు, నల్ల కాశీదారాలు, ఆపైన గవ్వలమ్మ. గవ్వలు కొని అమ్మవారికి ఇచ్చి, ఒకటి మనం తెచ్చుకోవాలి. "గవ్వలు నీకు, కాశీ ఫలం నాకు" అనుకోవాలట. అక్కడా తెలుగే. ఇద్దరు ఆటోవాళ్ళని అడిగాక మూడో అతను అన్ని చోట్లకీ కలిపి 800 అన్నాడు, నిజాయితీగా ప్రతిచోటా ఆగాడు. అమ్మ కాశీలో ఏదో ఒకటి వదిలెయ్యాలి కదా అని చాలా ఆలోచించి చివరికి కాఫీ అంది. పిన్నీ నేనూ ఒప్పుకోలేదు. నేరేడు పండుకి రాజీ కుదిరింది.

బాబత్‌పూర్ విమానాశ్రయం ఊరికి పాతిక కిలోమీటర్లు. ట్రాఫిక్ నమ్మడానికి లేదు, గంటన్నర చేతిలో ఉంచుకుని బయల్దేరండి. సత్రం ముందు సందు చివరిదాకా గుమాస్తా అబ్బాయి పెట్టె మోసుకొచ్చాడు, డబ్బిస్తే తీసుకోలేదు, అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

సెక్యూరిటీ దాటి కూర్చున్నాక ఫోన్ మోగింది. పెద్ద మేనత్త. నిన్నటి నుంచి ఫోన్ ఛార్జింగ్ లేదట, ఇప్పుడే చూసుకుందట. స్పీకర్ పెట్టాను. "తెనాలి మామ్మ పేరా? రత్తమ్మే. రత్తమ్మ. ఎందుకే, ఇప్పుడు?" అంది. చెప్పాను. అటు వైపు కాసేపు మాట లేదు. అమ్మ నా చేతిలోంచి బోర్డింగ్ పాస్ లాక్కుని, పెన్ను అడిగి, దాని వెనక పెద్దక్షరాలతో రాసింది. రత్తమ్మ. రాసి, మడిచి, గవ్వ ఉన్న పర్సులో పెట్టుకుంది. విమానం ఎక్కేటప్పుడు గేటు దగ్గర బోర్డింగ్ పాస్ చూపించమంటే మళ్ళీ పర్సంతా వెతకాల్సి వచ్చింది.